కొలతల పుస్తకం, చివరి పేజీ

నడుము ముప్పై రెండు, పొడుగు నలభై,
తొడ ఇరవై మూడు.
ఇట్లాంటివి రాసుకునే పుస్తకంలో
వెనకనుంచి మొదలుపెట్టి
మా జట్టు లెక్క రాసినాను.
కటింగ్ మాస్టర్ని నేను, బంతి తన్నడం రాదు.
కత్తెర పట్టే వేళ్ళకు జీన్స్ నీలం,
ఆ నీలమే ప్రతి పేజీ మూలా.

రాయదుర్గంలో మిషన్ తొక్కే పిల్లోళ్ళు వీళ్ళు.
పీసుకింత అని కూలి.
గంట ఆడితే రెండు ప్యాంట్ల డబ్బులు పోయినట్టే.
అందుకే కరెంటు పోతేనే ప్రాక్టీసు.
మిషన్లు ఆగేలోపే
హొన్నూరప్ప మెట్లమీద బూట్లు తొడిగేవాడు,
కుడిది తనది, ఎడమది వాళ్ళన్నది.
కరెంటు వచ్చిందంటే
బంతి యాడుంటే ఆడనే.
ఆ యేడు కోతలెక్కువ.
ఊరంతా తిట్టింది,
మేం మాత్రం నోరు మెదపలేదు.

మొదటి ఆట అనంతపురంలో. నాలుగు సున్నా.
"పోయి గుండీలు కుట్టుకోండప్పా" అని
జనంలోంచి ఎవుడో దారపుండ విసిరినాడు.
దాదాపీర్ దాన్ని దులిపి జేబులో వేసుకున్నాడు.
మంచి దారం, పారేస్తారా!

ఆ రాత్రి బస్సులో ఒక మాటన్నాను,
నాకు తెలిసిన పనిలోంచి:
ప్యాంటు చిరిగేది జేబుకాడ కాదురా,
ఎవురి కంటా పడని కాళ్ళ నడిమి అతుకుకాడ.
ముందు ఆడ రెండు కుట్లు పడనీండి.
పువ్వులు తర్వాత కుట్టుకుందాం.

పెన్నోబిలేసు ఒక కుట్టు, తిప్పేస్వామి ఒక కుట్టు.
ఉరవకొండలో సున్నా సున్నా.
గుంతకల్లులో ఒకటి ఒకటి.
తాడిపత్రిలో వానలో, బురదలో మళ్ళా సున్నా సున్నా.
"ఇదేం ఆటరా, నిద్రొస్తాంది" అని
జనం గొడుగులు విప్పుకుని లేచిపోయినారు.
నేను మాత్రం ఒకటి అని రాసుకున్నాను.
చెట్లు పీకేసిన సెనక్కాయ చేలో
మిగిలిన కాయలేరే ఆడోళ్ళనడగండి,
ఒడి ఎప్పుడు బరువెక్కిందో వాళ్ళకూ తెలీదు.

మా గ్రౌండులో గడ్డి మొలవదు. గాలి మాత్రం ఉంది.
ఆషాఢంలో కొండ దిగివచ్చి
తీగమీది తడి ప్యాంట్లను పరిగెత్తించే గాలి.
బయటోళ్ళు ఎత్తి కొడితే
బంతి వాళ్ళ నెత్తికే తిరిగొచ్చేది.
మావోళ్ళు నేలమీదే నడిపినారు,
సుద్దగీత మీద కత్తెర పోయినట్టు.
సొంతూర్లో ఒక్కటీ ఓడలేదు.

ఆఖరి ఆట కళ్యాణదుర్గంలో.
దాదాపీర్ మోకాలికి తగిలి
ఎట్లనో లోపలికి పోయింది.
వాడు సిగ్గుపడినాడు, గోలంటే అట్లా ఉండకూడదని.
ఒకటి సున్నా. అయినా అయిపోలేదు.
అవతల అనంతపురంలో
మాకు నాలుగు కొట్టినోళ్ళ ఆట ఇంకా నడుస్తాంది.
వాళ్ళు గెలిస్తే కప్పు వాళ్ళది.
బస్టాండులో బొరుగుల పొట్లాల చుట్టూ పన్నెండుమందిమి,
మధ్యలో ఒక్క ఫోను.
అవతల్నించి ఈల వినపడింది,
గోల వినపడింది,
మాట వినపడలేదు.
ఎవురూ నమలలేదు.
తర్వాత, దాదాపీర్ బావ గొంతు:
"రెండు రెండు. సమానమే. ఏంరా, పలకరేం?"

బస్సు లైటు కింద లెక్క మూడుసార్లు చూసినాను.
గెలిచినవి వాళ్ళు పదకొండు, మేం పది.
ఓడినవి వాళ్ళు అయిదు, మేం రెండు.
మిగిలినవి వాళ్ళకు రెండు, మాకు ఆరు.
ముప్పై అయిదు. ముప్పై ఆరు.
ఎవురూ చప్పట్లు కొట్టని ఆ ఆరు సాయంత్రాలను
ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసినాను.

సోమవారం కప్పు తెచ్చి నా బల్లమీద పెట్టినారు.
ఓనరు వచ్చి చూసినాడు,
"బాగుందే" అన్నాడు,
శనివారం సగం పూట కూలి కోసినాడు.
బళ్ళారి ఆర్డరు నూటయాభై, రేపటికే కావాలంట.
గుడ్డ పరిచినాను, సుద్ద చేతికి తీసుకున్నాను.

పదకొండున్నరకు ఫ్యాను నెమ్మదించింది.
నేను తలెత్తేలోపే
మెట్లమీద బూట్ల చప్పుడు.